వైజాగ్ బయల్దేరే ముందు సముద్రం సంగతి, ఆటుపోట్ల సమయం ఎలా చూసుకోవాలి?

దసరా సెలవులకో, కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికో హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వైజాగ్ రైలెక్కుతాయి. టికెట్లు, గదులు నెలల ముందే చూసుకుంటారు గానీ, సముద్రం ఎలా ఉందన్నది మాత్రం ఆర్కే బీచ్ ఇసుకలో దిగాకే చూస్తారు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. పౌర్ణమి అంటే పోటు బాగా ఎక్కే రోజు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే రోజులే సముద్రం ఎక్కువ ఎగిరే రోజులు కూడా.

చూడాల్సిన వరుస ఇది: ముందు వాతావరణం, తర్వాత అలలు, ఆ తర్వాతే ఆటుపోట్లు. చాలామంది ఫోన్లో ‘పోటు ఎప్పుడు’ అని వెతికి అక్కడితో ఆగిపోతారు. వైజాగ్‌లో పౌర్ణమి, అమావాస్యల వేళ కూడా పోటుకీ (నీరు ఎక్కడం) ఆటుకీ (నీరు దిగడం) మధ్య నీటి మట్టం తేడా సగటున 1.4 మీటర్లే. అష్టమి దగ్గర అది అర మీటరుకు పడిపోతుంది. ఇదే తీరం వెంట ఇంకా పైకి, హుగ్లీ నది ముఖద్వారానికి పోతే 4 మీటర్లు దాటుతుంది. అందుకే వైజాగ్‌లో మనిషిని లాక్కెళ్లేది చాలావరకు పోటు కాదు, అల.

1. ఐదు రోజుల ముందు: బంగాళాఖాతంలో ఏముంది?

రెండు చోట్ల చూస్తే చాలు. ఒకటి, భారత వాతావరణ శాఖకు చెందిన విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్. రెండోది ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సూచన. ఈ ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రం ఒడ్డున కాదు, మన హైదరాబాద్ ప్రగతి నగర్‌లో. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు వెళ్లేది కూడా అక్కడి నుంచే.

బులెటిన్‌లో వాడే పేర్లకు గాలి వేగాన్ని బట్టి కచ్చితమైన హద్దులున్నాయి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 వరకు తుఫాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుఫాను. 31కి లోపు ఉన్నది అల్పపీడనం. అల్పపీడనం అన్న మాట వినగానే ప్రయాణం మానుకోనక్కర్లేదు. కానీ అదే వాక్యంలో ‘బలపడే అవకాశం’ అని ఉంటే రోజుకు రెండుసార్లు చూడండి. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్న వాక్యం కనిపించిందంటే స్నానాల ముచ్చట ఇక వదిలేయాల్సిందే. రోజూ సముద్రం మీద బతికేవాళ్లనే ఆపుతుంటే, చెరువులో ఈత నేర్చుకున్నవాళ్లు దిగడమేంటి?

బులెటిన్‌లో గాలి నాట్లలో ఉంటే 1.85తో గుణించండి. 20 నాట్లు అంటే గంటకు 37 కిలోమీటర్లు. గాలి దిశ దగ్గర చాలామంది పొరపడతారు. ‘నైరుతి గాలి’ అంటే నైరుతి నుంచి వచ్చే గాలి. సముద్ర ప్రవాహానికి మాత్రం లెక్క తిరగబడుతుంది. ‘ఉత్తర ప్రవాహం’ అంటే ఉత్తరం వైపు పోయే నీరు.

తుఫాను వస్తోందంటే పేపర్లలో ‘విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక’ అని చూస్తుంటాం. ఓడరేవుల్లో ఎగరేసే ఈ సూచికలు 11 ఉన్నాయి. 1, 2 దూరంగా సముద్రంలో ఏదో ఉందని చెబుతాయి. 3, 4 ఆ రేవుకే ముప్పు పొంచి ఉందని. 5 నుంచి 7 వరకు ప్రమాదం, 8 నుంచి 10 వరకు పెను ప్రమాదం. 11 వచ్చిందంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. అంకె పెరిగినకొద్దీ తీవ్రత పెరుగుతుందని అందరూ అనుకుంటారు గానీ 5, 6, 7 మధ్య తేడా తీవ్రతలో కాదు, తుఫాను ఏ పక్కగా పోతుందన్నదే. 5 అంటే తుఫాను దారికి రేవు ఎడమ పక్కన పడుతుంది, 6 అంటే కుడి పక్కన. 7 అంటే రేవు మీదుగానో, దాన్ని ఆనుకునో దాటుతుంది. 8, 9, 10 కూడా ఇదే వరుస.

ఈ కుడి ఎడమల సంగతి మనకూ పనికొస్తుంది. తూర్పు తీరానికి వచ్చే తుఫాన్లు ఎక్కువగా పడమరకో, వాయవ్యానికో కదులుతాయి. గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కాబట్టి తుఫాను దాటే చోటికి ఉత్తరాన ఉన్న తీరం మీదికి సముద్రపు నీరు ఎగదోసుకు వస్తుంది. దక్షిణాన ఉన్న తీరంలో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. కాకినాడ దగ్గర దాటే తుఫానుకు వైజాగ్ కుడి పక్కన ఉంటుంది, కళింగపట్నం దగ్గర దాటితే ఎడమ పక్కన. రెండూ వైజాగ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో అటూ ఇటూ ఉన్న ఊళ్లే, ఒడ్డున సముద్రం ఎగిరే తీరు మాత్రం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. అలాంటప్పుడు కుడీ ఎడమా చూడాల్సిన పనే లేదు.

2. రెండు రోజుల ముందు: అలల ఎత్తు, వ్యవధి

సూచనలో ‘అలల ఎత్తు 1.5 మీటర్లు’ అని ఉంటే అన్ని అలలూ అంతే అనుకోకండి. అక్కడ వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని, వాటి సగటు చెబుతారు. అప్పుడప్పుడు అంతకు దాదాపు రెట్టింపు అల వస్తుంది. 1.5 అన్న రోజున 3 మీటర్ల అల ఒకటి వచ్చినా సూచన తప్పినట్టు కాదు. బండల మీద ఫోటోలు దిగేవాళ్లు కొట్టుకుపోయేది ఈ ఒక్క అలకే. అరగంట నుంచి తడవని రాయి కదా అని నిలబడతారు.

ఎత్తు పక్కనే సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. అది ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి. దీన్ని ఎవరూ చూడరు, నిజానికి ముందు చూడాల్సింది ఇదే. ఐదారు సెకన్ల అలలు దగ్గర్లో వీచే గాలికి పుట్టినవి. చిందరవందరగా ఉంటాయి, గాలి తగ్గితే తగ్గుతాయి. 12 సెకన్లు దాటిన అలలు వేల కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం దక్షిణాన లేచిన గాలివానలకు పుట్టి రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, గాలి ఉండదు, నీళ్లు నున్నగా కనిపిస్తాయి. అల మాత్రం ఒడ్డుకొచ్చాక ఒక్కసారిగా లేచి, వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను కూడా లాక్కుపోతుంది.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు మేం చెప్పే లెక్క ఇది. ఎత్తు మీటరు లోపు, వ్యవధి 8 సెకన్ల లోపు ఉంటే మోకాళ్ల దాకా దిగొచ్చు. మీటరు నుంచి 1.5 వరకైతే పాదాలు తడుపుకుని రావాలి. అంతకు మించితే ఇసుక మీదే. వ్యవధి 12 సెకన్లు దాటితే ఎత్తు ఎంతైనా ఒక మెట్టు వెనక్కి తగ్గండి. ఇన్‌కాయిస్ ‘ఎగసిపడే అలల హెచ్చరిక’ ఇచ్చిన రోజున ఈ లెక్కలేవీ వద్దు.

సమయం దగ్గర ఒక జాగ్రత్త. కొన్ని యాప్‌లు, పటాలు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) సమయం చూపిస్తాయి. దానికి ఐదున్నర గంటలు కలపాలి. 06:00 అని ఉంటే మనకు పగలు పదకొండున్నర. ఇది కలపక పొద్దున ఆరింటికి వెళ్లినవాళ్లకు చదివిన సముద్రం ఒకటి, ఎదురయ్యే సముద్రం ఇంకొకటి.

3. ఆటుపోట్ల పట్టిక చదవడం

దీనికి సగం సాధనం మీ ఇంటి గోడ మీదే ఉంది. తెలుగు క్యాలెండర్‌లో పౌర్ణమి, అమావాస్య ఎప్పుడో చూడండి. ఆ రోజూ, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులూ పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు తేడా అతి తక్కువ. ఏ రోజు నీరు ఎక్కువ కదులుతుందో తిథి చెబుతుంది. ఏ గంటకో కావాలంటే పట్టిక కావాలి.

భారత సర్వే విభాగం ఏటా ఆటుపోట్ల పట్టికలు వేస్తుంది. వెబ్‌సైట్లలోనూ దొరుకుతాయి. రేవు పేరు ‘విశాఖపట్నం’ అనే ఉందో లేదో చూసుకోండి. రోజుకు సాధారణంగా నాలుగు సమయాలుంటాయి: రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ పొద్దున 8 గంటలకు పోటు ఉంటే, రేపు 8:50 ప్రాంతంలో ఉంటుంది. నిరుడు ఇదే తేదీన తీసుకున్న స్క్రీన్‌షాట్ ఇప్పుడు దేనికీ పనికిరాదు.

సమయం పక్కనుండే మీటర్లు ఒడ్డున నీటి లోతు కాదు. ఓడల పటాల కోసం పెట్టుకున్న ఒక కనీస మట్టం నుంచి కొలత అది. మీకు కావలసింది రెండు అంకెల మధ్య తేడా.

ఉదాహరణకు ఆటు 0.3 మీటర్లు, పోటు 1.5 మీటర్లు అనుకుందాం. తేడా 1.2 మీటర్లు, అంటే 120 సెంటీమీటర్లు. దీన్ని 12 భాగాలు చేస్తే భాగం 10 సెంటీమీటర్లు. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీరు వరుసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు ఎక్కుతుంది. మొదటి గంటలో 10 సెంటీమీటర్లే కాబట్టి ఏమీ కదల్లేదనిపిస్తుంది. మూడు, నాలుగు గంటల్లో కలిపి 60 సెంటీమీటర్లు. ఇసుక వాలు 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఉంటే ఆ రెండు గంటల్లో నీటి అంచు 12 మీటర్లు ముందుకొస్తుంది. చెప్పులు, బ్యాగులు పోయేది అప్పుడే.

పట్టికలో ఉండేది సూర్యచంద్రుల లెక్క మాత్రమే, ఆ రోజు వాతావరణం అందులో ఉండదు. గాలి పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే నీరు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. సముద్రం నుంచి ఒడ్డుకు బలమైన గాలి వీస్తే ఇంకా పెరుగుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజున పట్టిక మీద ఆధారపడకండి.

ఏ వేళ వెళ్లాలి? ఇసుక తీరంలో అయితే ఆటు బాగా దిగిన సమయానికి అటూ ఇటూ గంటన్నర వదిలేసి, నీరు ఎక్కేటప్పుడు వెళ్లండి. యారాడ లాంటి చోట బండల మీదికి పోవాలంటే దీనికి పూర్తిగా విరుద్ధం. నీరు దిగుతున్నప్పుడు వెళ్లి, మళ్లీ ఎక్కడం మొదలవగానే వచ్చేయాలి. నల్లగా, ఆకుపచ్చగా పాకురు పట్టిన రాయి రోజూ నీళ్లలో మునిగేదే, దాని మీద కాలు పెట్టొద్దు. భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఆటు వేళ అసలు దిగకూడదు. ఏటి నీరు, దిగే నీరు కలిసి నేరుగా సముద్రంలోకి లాగుతాయి.

4. ఒడ్డుకు చేరాక పది నిమిషాలు

దిగే ముందు ఒడ్డున కాస్త ఎత్తైన చోట నిలబడి పది నిమిషాలు చూడండి. తెల్లటి నురగతో అలలు విరుగుతున్న వరుస మధ్యలో ఒక చోట అలలు విరగకుండా నీరు ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తుందా? ఇసుక కలిసిన నీరు, నురగ అక్కడి నుంచి లోపలికి పోతున్నాయా? అదే రిప్ కరెంటు. అటూ ఇటూ ఒడ్డెక్కిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. అలలు లేవు కదా, పిల్లలకు బాగుంటుందని చాలామంది ఏరికోరి అక్కడే దిగుతారు.

అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకండి. ఆ ప్రవాహం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుంటుంది. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. ఒళ్లు వదిలేసి తేలండి, చెయ్యెత్తి పిలవండి. లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటి నుంచి బయటికి రండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకొద్దు. ఒకరి కోసం ముగ్గురు పోయిన వార్తలన్నీ అలా దూకినవే. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి. తల పైన ఉంచడానికి అది చాలు. లైఫ్‌గార్డును పిలిచి 112కి ఫోన్ చేయండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554.

తెప్పలు, పడవలు ఇసుక మీద ఉన్నాయా, నీళ్లలో ఉన్నాయా అన్నదీ ఒక గుర్తే. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

5. తిరుగు ప్రయాణం

ఉత్తర కోస్తాలో వాయుగుండం తీరం దాటి వాయవ్యంగా కదిలితే వర్షాకాలంలో భారీ వాన దాని దారికి నైరుతి వైపు పడుతుంది. ఆ నైరుతిలో ఉన్నది మన తెలంగాణే. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన కురిసింది. అప్పుడు అల్పపీడనం ఉన్నది ఉత్తర ఆంధ్ర, దక్షిణ ఒడిశా తీరానికి ఎదురుగా. 2024లో ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రే కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి వరంగల్, విజయవాడ మధ్య రైళ్లు ఆగిపోయాయి. ఖమ్మంలో మున్నేరు పొంగి రోడ్డు దారి కూడా కష్టమైంది.

కాబట్టి విశాఖ బులెటిన్‌తో పాటు హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లాలవారీ రంగుల హెచ్చరిక కూడా చూడండి. మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలకు నారింజ గానీ ఎరుపు గానీ ఉంటే తిరుగు ప్రయాణం ఒక రోజు ముందుకో వెనక్కో జరపండి. బీపీ, షుగరు మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోండి. రైల్వే రైలును రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా తిరిగొస్తుంది. హోటల్ అడ్వాన్సు సంగతి అలా కాదు, గది తీసుకునేటప్పుడే ఒక రోజు పొడిగించుకునే వీలుందో లేదో అడగండి.