కథ కోసం రోజూ పావుగంట: ప్రాంప్టులతో సాధన చేసే పద్ధతి

ప్రాంప్టు (రాయడానికి ఊతంగా తీసుకునే చిన్న సందర్భం) చూసి రాసిన ప్రతిదీ కథ కావాలని చాలామంది ఆశపడతారు. వారం తిరిగేసరికి ఒక్కటీ కథ కాలేదని మానేస్తారు. కథ కాకపోయినా నష్టం లేదు. సంభాషణో, దృష్టికోణమో, ఎత్తుగడో, ఏదో ఒక్కటి చేతికి అలవాటైతే చాలు. అందుకని ఒక అభ్యాసానికి ఒకే లక్ష్యం, ఒకే షరతు పెట్టుకోండి. రెండు షరతులు పెట్టుకుంటే ఎక్కడ తప్పిందో తెలియదు.

‘వర్షం కురుస్తున్న రాత్రి’ లాంటి ప్రాంప్టులు పక్కన పెట్టండి. వాటిలో వాతావరణం ఉంటుంది గానీ ఇబ్బంది ఉండదు. అరపేజీ వర్ణన అయ్యాక కలం ఆగిపోయేది అందుకే. పనికొచ్చే ప్రాంప్టులో మూడు ఉండాలి: ఎవరు, ఈ క్షణాన వాళ్లకేం కావాలి, ఏది అడ్డం. ‘రేపు రిటైరయ్యే గుమస్తా, ఎప్పుడో దాచిన ఫైలు ఇవాళే బయటికి తీసుకెళ్లాలి, కొత్తగా చేరిన అమ్మాయి ఇంకా సీట్లోంచి లేవలేదు.’ చదవగానే సన్నివేశం ఎక్కడ మొదలవ్వాలో తెలిసిపోతుంది.

ఇలాంటివి వెతుక్కోనక్కర్లేదు, తయారు చేసుకోవచ్చు. మనుషులకు 10 చీటీలు, కోరికలకు 10, అడ్డంకులకు 10 రాసి మూడు డబ్బాల్లో వేయండి. ఒక్కోదాంట్లోంచి ఒక్కటి తీస్తే 1,000 కలయికలు వస్తాయి. వచ్చినది నచ్చకపోయినా మార్చకండి. నచ్చిన దాని కోసం చీటీలు తీస్తూ కూర్చుంటే ఉన్న పావుగంటా అందులోనే పోతుంది.

టైమరు 15 నిమిషాలకు పెట్టండి. మొదటి రెండు నిమిషాలు ఆలోచన, మిగతాదంతా రాత. కొట్టివేతలు వద్దు, వెనక్కి వెళ్లి చదవడం వద్దు. మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయండి. ఎవరూ చనిపోకూడదు, ఎవరూ కలలోంచి మేలుకోకూడదు అని ముందే నియమం పెట్టుకోండి. టైము అయిపోతోందన్న కంగారులో చేయి వెళ్లేది ఈ రెండు ముగింపుల వైపే.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది సంభాషణ అభ్యాసం. ఇద్దరు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు మొత్తం 12 సార్లు మాట్లాడాలి. ‘అన్నాడు’, ‘అంది’ ఉండకూడదు. తమకేం అనిపిస్తోందో ఇద్దరూ నోరు విప్పి చెప్పకూడదు. తెలుగులో దీనికి గొప్ప వెసులుబాటు ఉంది: పిలుపులోనే బంధుత్వం, దూరం, కోపం తెలిసిపోతాయి.

“డబ్బు తెచ్చావా?”
“ముందు కూర్చోరా.”
“తెచ్చావా అని అడుగుతున్నా.”
“మంచినీళ్లు తాగుతావా?”
“చూడండి, నేను మంచినీళ్ల కోసం రాలేదు.”

ఆ ‘చూడండి’ దగ్గర స్నేహం తెగింది. కోపం వచ్చిందని రాయాల్సిన అవసరం లేకుండా పోయింది. ఈ అభ్యాసంలో తరచూ జరిగే పొరపాటు, ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని పాఠకుడి కోసం ఒకరితో ఒకరు చెప్పించడం: “నీకు తెలుసుగా, మనిద్దరం చిన్నప్పటి నుంచి స్నేహితులం.” అలాంటి మాట కనబడితే కొట్టేసి, ఆ సంగతి లేకుండానే నడుస్తుందేమో చూడండి. సాధారణంగా నడుస్తుంది.

రెండో అభ్యాసం వాక్యాల చివర్ల మీద. క్రియ చివర వచ్చే భాష కాబట్టి, చూసుకోకపోతే పేరా అంతా ‘ఆడు, ఆడు’ అని ఒకే మోత మోగుతుంది:

‘రాఘవ గదిలోకి వచ్చాడు. కిటికీ మూశాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఉత్తరం తీశాడు.’

దీన్నే ఏ రెండు వాక్యాలూ ఒకేలా ముగియకూడదన్న షరతుతో తిరగరాయండి:

‘రాఘవ వచ్చీ రాగానే కిటికీ మూశాడు. కుర్చీ పక్కనే ఉంది. అయినా కూర్చోలేదు. జేబులో ఉత్తరం, దాని మీదే చేయి.’

మోత పోవడమే కాదు, మనిషిలోని ఆందోళన కూడా కనబడింది. అయితే క్రియ లేని వాక్యాలు వరుసగా మూడు నాలుగు పేర్చకండి, చదివేవాళ్లకు ఊపిరాడదు.

మర్నాడు కొత్త ప్రాంప్టు తీయకండి. నిన్నటిదే తీసి, ఉత్తమ పురుషలో ఉంటే ప్రథమ పురుషలోకి మార్చండి. ‘నేను’ ఉన్నచోట ‘అతను’ పెట్టి ఊరుకుంటే అభ్యాసం కానట్టే. ప్రతి వాక్యం దగ్గరా, ఇది ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, ఎవరికి తెలుసు అని అడగండి. అతని వెనక తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ముఖం అతనికి కనబడదు కదా. ఇలాంటి చోట్లు రెండు మూడైనా దొరుకుతాయి. ఫ్రెంచి రచయిత రేమోఁ కెనో బస్సులో జరిగిన ఒక చిన్న గొడవను 99 రకాలుగా రాసి 1947లో పుస్తకంగా వేశాడు. అన్ని అక్కర్లేదు గానీ, ఒకే సన్నివేశాన్ని మూడుసార్లు రాయడం మూడు కొత్త ప్రాంప్టుల కన్నా ఎక్కువ నేర్పుతుంది.

మూడో రోజు విరామం. నాలుగో రోజు, రాసినదాన్ని 200 మాటల నుంచి 100కి దించండి. ముందు మొదటి పేరా తీసేసి చూడండి. అది మనం వేడెక్కడానికి రాసుకున్నదే అయ్యుంటుంది. తర్వాత ‘చాలా’, ‘ఎంతో’, ‘ఒక్కసారిగా’, ‘ఉన్నట్టుండి’. ఆపైన ‘గుండె ఝల్లుమంది’ లాంటి అరిగిపోయిన మాటలు. చేతలతో ఒకసారి చూపించిన బాధను కింద మళ్లీ వివరించే వాక్యం ఉంటే అదీ పోవాలి. ఇంత చేసినా 100కి దిగకపోతే అందులో రెండు సన్నివేశాలు ఉన్నట్టు. విడదీయండి.

రాసినవన్నీ ఒకే నోటుబుక్కులో, తేదీ, ఆ రోజు షరతు పైన రాసి ఉంచండి. ఎవరికైనా చూపిస్తే ‘బాగుందా?’ అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. ‘చదువుతూ ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు?’ అని అడిగి, ఆ చోట్ల పెన్సిలుతో గీత పెట్టించుకోండి. మర్నాటి అభ్యాసానికి షరతు ఆ గీతల దగ్గరే దొరుకుతుంది.