సిరాతో బొమ్మలు – 4వ పాఠం: వెదురు కలం

పోయిన పాఠంలో ఉక్కు పాళీతో గీతల మీద గీతలు అల్లి నీడ తెచ్చాం. ఈసారి పాళీ పక్కన పెట్టండి. కలం మనమే చెక్కుకుందాం.

పెన్సిల్ లావున, జానెడు పొడవున్న ఎండు వెదురు పుల్ల తీసుకోండి. కాసేపు నీళ్ళలో నానబెడితే కోత సులువు. ఒక కొసను చాకుతో 3 సెం.మీ. మేర ఏటవాలుగా చెక్కి, లోపలి మెత్తటి భాగం గీకేయండి. రెండు పక్కలా సన్నం చేస్తూ, మొన 2 మి.మీ. వెడల్పుకి రాగానే ఆపండి. మొన మధ్య నుంచి 1 సెం.మీ. చీలిక పెట్టాలి. చీలిక ఆగాల్సిన చోట ముందే దారం బిగించి చుట్టండి. ఆ సంగతి తెలియక నా మొదటి మూడు పుల్లలూ నిలువునా చీలిపోయాయి.

ఈ కలం మొదట్లో అందరికీ చిరాకు తెప్పిస్తుంది. ముంచిన సిరా నాలుగు గీతలకే అయిపోతుంది. మొదటి గీత తడిగా, నల్లగా వస్తుంది. చివరిది గరుకుగా, వెలిసినట్టు వస్తుంది. దాన్ని తప్పనుకోకండి, ఉక్కు పాళీ ఇవ్వలేనిది అదే. తడి గీత దగ్గరి వస్తువుకి, ఎండు గీత దూరానికి వాడుకోవాలి.

1888లో డచ్ చిత్రకారుడు వాన్ గో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ఉన్నప్పుడు రెల్లు కాడల కలాలతో గీశాడు. ఆ జులైలో మోంమజూర్ గుట్ట నుంచి గీసిన పొలాల బొమ్మలు తప్పకుండా చూడండి. ముందున్న గడ్డికి లావుపాటి పొట్టి గీతలు. చూపు వెనక్కి పోయేకొద్దీ అవి చిన్నవై, చుక్కలైపోతాయి. రంగు లేకుండానే మైళ్ళ దూరం కనిపిస్తుంది.

సిరా నిలవని ఇబ్బందిని మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఇంకోలా దాటారు. వెదురు మొనకు కాస్త పైన ఉన్ని గానీ, గుడ్డ గానీ ఉండలా చుట్టి దారంతో కడతారు. ఉండ రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. అందుకే బట్ట మీద పొడవాటి వంపుల్ని అంత నిండుగా లాగగలరు. వాళ్ళ నల్లరంగు ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి చేసేది. కరక్కాయ పట్టించిన బట్టకు తగిలితే అది నల్లబడుతుంది.

ఈ వారం గడ్డివాము గీయండి, పెన్సిల్ ముట్టుకోకుండా. కలం ముంచగానే వాము అడుగున నీడ వేయండి. సిరా ఎండుతుంటే పైకి, వెలుతురు వైపు జరగండి. మళ్ళీ ముంచితే మళ్ళీ అడుగు నుంచే. ఎండ తగిలే చోట కాగితం తెల్లగా వదిలేయండి. తర్వాత కలానికి గుడ్డ చుట్టి, అదే వామును వీలైనంత తక్కువ గీతల్లో, ఆకారం మాత్రమే తీయండి.

వాటర్‌ప్రూఫ్ సిరానే వాడండి. వచ్చే పాఠంలో ఈ రెండు బొమ్మల మీదే నీళ్ళు కలిపిన సిరాను కుంచెతో పూస్తాం.