బీరు కాచే బల్లతో వచ్చే తిప్పలు: ఎందుకొస్తాయి, ఎలా సరిచేయాలి

బీరు కాచుకోవడం మొదలుపెట్టేటప్పుడు పులియబెట్టే ఈస్ట్ గురించి, చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల గురించి వారాల తరబడి చదువుతాం. బల్ల దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఏది ఖాళీగా ఉంటే అదే వాడేస్తాం. నేనూ అంతే చేశాను. ఈ కింద రాసినవాటిలో చాలా తిప్పలు టెక్సాస్‌లోని మా గరాజ్‌లో నేను పడినవే. అమెరికాలో 1978 చట్టం పుణ్యమా అని ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాయడం నేరం, కాబట్టి అక్కడివాళ్ళు దీన్ని చదివి ఊరుకోవాలి.

కెటిల్ పెట్టగానే బల్ల ఊగుతోంది

5 గ్యాలన్ల బీరు చేతికి రావాలంటే సుమారు 6.5 గ్యాలన్ల వర్ట్, అంటే దాదాపు 25 లీటర్ల మాల్ట్ కషాయం మరగబెట్టాలి. మరగబెట్టే పెద్ద గిన్నె, అంటే కెటిల్‌తో కలిపి 30 కిలోల పైమాటే. మడత బల్ల ఆ బరువు మోసినా, పక్కకి ఊగకుండా ఆపలేదు.

ముందు నేల చూడండి. నీళ్ళు బయటికి పోవాలని గరాజ్ నేలను తలుపు వైపు వాలుగా పోస్తారు. బల్ల మధ్యలో నిండు గ్లాసు నీళ్ళు పెట్టి, ఒక మూలని వేలితో నెట్టండి. నీళ్ళు తొణికితే కాళ్ళ కింద ఉండే మర బిళ్ళలు తిప్పి ఎత్తు సరిచేయండి. అయినా ఊగుతుంటే వెనక కాళ్ళ మధ్య ఏటవాలుగా రెండు పట్టీలు బిగించండి. చక్రాలుంటే తీసేయండి.

ఊగితే ఏమవుతుందిలే అనుకోకండి. రెండు వారాలు పులిసి, ఈస్ట్ అంతా అడుగున గట్టిగా పేరుకున్న గాజు జాడీలోంచి బీరుని ట్యూబుతో సీసాల్లోకి దించుతున్నాను. వంగి చూద్దామని బల్ల మీద మోచెయ్యి ఆనించాను. అడుగునుంచి సన్నటి తెల్లటి పొగలా మడ్డి లేచింది. ట్యూబు లాగుతూనే ఉంది. సగం సీసాలు మురికి నీళ్ళలా తయారయ్యాయి.

స్టీలు బల్లకి తుప్పు చుక్కలు

అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది 430 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చు. అందులో నికెల్ ఉండదు, తడి గరాజ్‌లో త్వరగా మరకలు పడతాయి. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. కొనేటప్పుడు 304 అడగండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది: 18 గేజ్ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 16 అంటే 1.5. కెటిల్ పెట్టేదానికి నా ఓటు 16కే.

304కి కూడా చుక్కలు వస్తే బ్లీచ్‌ని అనుమానించండి. అందులోని క్లోరిన్ స్టీలుని గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఇనుప పీచుతో రుద్దినా అంతే, దాని ముక్కలు అతుక్కుని తుప్పు పడతాయి. బేకింగ్ సోడాని తడిపి మెత్తటి గుడ్డతో, స్టీలు మీది గీతల వెంబడే రుద్ది కడిగి తుడవండి.

రాతి గట్టు మీద పాలిపోయిన మచ్చలు

బీరు సామాను మీది క్రిముల్ని చంపే శానిటైజర్లలో చాలావాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. చలువరాయికి అది పడదు. మన ఇళ్ళలో కడప బండ మీద నిమ్మరసం పడితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది, రెండూ సున్నపు రాయి జాతివే. అది అంటిన మరక కాదు, రాయే కరిగింది. ఎంత తోమినా పోదు, పాలిష్ పట్టించాలి. గ్రానైట్ తట్టుకుంటుంది. క్వార్ట్జ్ గట్టులో వేడికి పాడయ్యే రెసిన్ కలుపుతారు, దాని మీద వేడి కెటిల్‌ని నేరుగా దించకండి, కింద చెక్క పలక వేయండి.

చెక్కపొట్టు బల్ల అంచులు ఉబ్బాయి

అతుకుల్లోంచి నీరు దిగింది. ఉబ్బినది మళ్ళీ దిగదు. మార్చేయండి.

కలిపేటప్పుడు భుజం లాగుతోంది, ఆవిరి ముఖానికి కొడుతోంది

ఇది అన్నిటికన్నా ప్రమాదం. వంటగట్టు ఎత్తు 36 అంగుళాలు. దాని మీద 16 అంగుళాల కెటిల్ పెడితే మూతి 52 అంగుళాల దగ్గరికి, అంటే ఛాతీ దాకా వస్తుంది. పొంగితే మరిగే వర్ట్ మీ మీదికే. కెటిల్ మూతి మోచేతి కన్నా పైకి రాకూడదు. అందుకని ఒక్క బల్లతో సరిపెట్టుకోకండి: కరెంటు కెటిల్‌కి 20 అంగుళాల పొట్టి బల్ల, కడగడానికీ జాడీ పెట్టడానికీ 36 అంగుళాలది. జాడీ ఎత్తులో ఉండి సీసాలు నేల మీద ఉంటే బీరు దానంతటదే దిగుతుంది. ప్రొపేన్ బర్నర్ అయితే ఏ బల్లా వద్దు. ఆరుబయట, కాంక్రీటు నేల మీద, దాని సొంత స్టాండు మీదే వెలిగించండి. గరాజ్ తలుపు తీసి ఉన్నా లోపల వద్దు, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వాసన కూడా తెలియనివ్వదు.

బీరు పుల్లబడుతోంది, తప్పు బల్లదేనా?

బీరు బల్లని తాకదు. కానీ చల్లారిన వర్ట్‌లో ముంచే ట్యూబుని, గరిటెని మనం బల్ల మీదే పెడతాం. చెక్క మీది కత్తి గాట్లలో, గీతలు పడ్డ ప్లాస్టిక్‌లో పులిపించే బాక్టీరియా దాక్కుంటుంది, తుడిస్తే పోదు. బల్ల మార్చే దాకా ఆగక్కర్లేదు. వెడల్పాటి స్టీలు ట్రేలో శానిటైజర్ కలిపిన నీళ్ళు పోసి పక్కనే పెట్టుకోండి. చేతిలోంచి ఏది దించినా అందులోకే దించండి.