పాత చేతక్ బాగుచేయాలంటే ముందు రబ్బరు చూడండి

పాత స్కూటరు ఇంటికి తేగానే ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న, "ఏ రంగు వేయిస్తున్నారు?" అని. రంగు పని అన్నిటికన్నా చివర. గుంతకల్లు రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన నాకు ఇప్పుడు బజాజ్ చేతక్‌లే లోకం. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుంది కాబట్టి, ఇక్కడి బండ్ల రేకు కోస్తా బండ్లంత త్వరగా తుప్పు పట్టదు. ఈ ఎండకు తట్టుకోలేనిది రబ్బరు. పెట్రోలు పైపు, ఆయిల్ సీళ్లు (ఇంజిన్‌లో ఆయిల్, గాలి దాటకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడి బీటలు వారతాయి. పైకి నిగనిగలాడుతూ స్టార్ట్ కాని బండిలో నేను మొదట అనుమానించేది వాటినే.

కొనేముందు ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బండి మీద చెక్కిన అంకెలతో సరిచూసుకోండి. బళ్లారి, పావగడ వైపు కర్ణాటక బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రాకుండా డబ్బు ఇవ్వవద్దు. చేతక్ 1972లో వచ్చింది. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నాటి నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది గానీ, అలాంటి బండిని రోజువారీగా తిప్పకూడదు. రోజూ కూరగాయలకు వెళ్లాలనుకుంటే మామూలు ఆర్సీని రెన్యువల్ చేయించుకోవడమే మేలు.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బండిని తెచ్చీ తేగానే కిక్ కొట్టకండి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు చేత్తో కిక్‌ను మెల్లగా నొక్కండి. పిస్టన్ కదిలితే అదృష్టమే. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. బలం చూపిస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి.

ఇక సీళ్లు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసి ముందు పిస్టన్ కిందుండే క్రాంక్ గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతాయి. కాబట్టి ఆ గదిలోకి వేరే దారిన గాలి చొరబడకూడదు. ఫ్లైవీల్ వైపు సీలు పోతే గాలి ఎక్కువై, ఇంజిన్ దానంతటదే వేగం పెంచుకుంటుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి మండుతుంది. పొగ దట్టంగా వస్తూ గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే అదే జబ్బు. సీలు మార్చడానికి ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టి ఊడదీయవద్దు, దాన్ని లాగి తీసే పుల్లర్ వాడండి. సీళ్లు ఇక్కడ దొరక్కపోతే బెంగళూరు జేసీ రోడ్డులో వెతకండి. పాత సీలు కూడా వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి కొలిచి కొనండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరును ఇంకా త్వరగా తినేస్తుంది. అందుకే పెట్రోలు పైపు చూడ్డానికి బాగున్నా మార్చేయండి.

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో సన్న రంధ్రమున్న జెట్టు ఉంటుంది. అందులో ఇనుప తీగ పెట్టి పొడవద్దు, రంధ్రం పెద్దదవుతుంది. పెట్రోలులో నానబెట్టి, పంక్చరు షాపులో గాలి కొట్టిస్తే చాలు. కార్బురేటర్ కూర్చునే అడుగు భాగం వంగి ఉంటే అక్కడా గాలి దూరుతుంది. దాన్ని సరిచేయడం నాకు ఎంతో ఇష్టమైన పని. కడప బండ ఎంత నున్నగా కనిపించినా సమతలంగా ఉండదు, అందుకని దళసరి అద్దం పలక తీసుకుంటాను. దాని మీద నంబర్ 400 ఎమరీ కాగితం పరిచి, రెండు చుక్కలు ఆయిల్ వేసి, కార్బురేటర్‌ను సున్నా చుట్టినట్టు తిప్పుతూ రుద్దుతాను. మొదట బోల్టు రంధ్రాల దగ్గరే మెరుపు వస్తుంది. ఆ మెరుపు అంచు అంతటా ఒకే తీరుగా పరుచుకున్నప్పుడు ఆపాలి. తర్వాత పెట్రోలుతో కడిగి, కొత్త గాస్కెట్ వేయాలి.

ప్లగ్గుకు కరెంటు అందించే కాంటాక్ట్ పాయింట్లున్న బండి అయితే వాటి మధ్య ఎడం 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గుకు 0.6. కళ్లతో అంచనా వేయకండి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టండి. పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపాలి.

టైరు విప్పేవారికి ఒక హెచ్చరిక. చేతక్ రిమ్ము రెండు ముక్కలు, నట్లతో బిగించి ఉంటుంది. గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రిమ్ము ఎగిరి ముఖానికి తగులుతుంది. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదవద్దు, పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

బండి నమ్మకంగా తిరుగుతూ, నమ్మకంగా ఆగుతున్నప్పుడే టింకరింగ్, పెయింటింగ్. కాళ్లు పెట్టే చోట మ్యాట్ ఎత్తి చూడండి, మా వైపు బండ్లలోనూ నీళ్లు నిలిచి తుప్పు పట్టేది అక్కడే. పాత రంగు మూడొంతులు నిలిచి ఉంటే నేనైతే పాలిష్‌తో సరిపెడతాను. కంపెనీ వేసిన రంగు మళ్లీ రాదు. పెయింటింగ్ తప్పనిసరైతే ఛాసిస్ నంబరు మీద ముందే టేపు అంటించండి. పుట్టీ కింద ఆ అంకెలు కప్పబడిపోతే, రెన్యువల్ తనిఖీలో బండి ఆగిపోతుంది.