తాళంచెవి తిప్పారా? లండన్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నవారికి

మొన్న ఆదివారం ఒక తమ్ముడు ఫోను చేశాడు. ఈ ఏడాదే ఉద్యోగం మీద భార్యతో లండన్ వచ్చాడు. మొదట ఈస్ట్ హామ్‌లో ఉన్నారు. ఎవరో చెప్పారని పోలీసుల వెబ్‌సైట్‌లో తన పోస్ట్‌కోడ్ కొట్టి చూశాడట. నేరాల మ్యాపు నిండా అంకెలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెలకు రెండు వందల పౌండ్లు అదనంగా పోసి, రామ్‌ఫర్డ్ అవతల ఎదురుగా పార్కు ఉన్న ప్రశాంతమైన వీధికి మారాడు. అక్కడ మూడో వారంలోనే దొంగలు పడ్డారు. తలుపు పగలగొట్టలేదు, తెరుచుకుని వచ్చారు.

"తాళం వేశావా?" అని అడిగాను.

"హ్యాండిల్ పైకి ఎత్తాను అన్నా" అన్నాడు.

ఇంటి అద్దె, బ్యాంకు ఖాతా, డాక్టరు దగ్గర పేరు నమోదు, ఇవన్నీ మీరే చూసుకుంటారు. నేను తలుపు గురించే చెబుతాను. ఇక్కడ చాలా ఇళ్లకు తెల్లటి ప్లాస్టిక్ తలుపులు ఉంటాయి. తలుపు మూసి హ్యాండిల్ పైకి ఎత్తితే అంచున ఉన్న కొక్కేలు చట్రంలోకి దూరతాయి. టక్‌మని గట్టిగా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని తాళం పడిందనుకుంటాం. పడలేదు. తాళంచెవి పెట్టి తిప్పేదాకా, బయటి నుంచి ఎవరైనా హ్యాండిల్ కిందికి నొక్కితే ఆ కొక్కేలన్నీ బుద్ధిగా వెనక్కి వచ్చేస్తాయి. కొన్ని తలుపులకు బయటి హ్యాండిల్ కదలదు. వాటికి కూడా తాళంచెవి తిప్పందే తాళం పూర్తిగా పడదు. ఊళ్లో తాళంకప్ప వేసి, రెండుసార్లు గుంజి చూసి, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి చూసే జాతి మనది. ఇక్కడికి వచ్చాక ఒక చప్పుడును నమ్ముకుంటాం!

ఇంకొకటి. తాళంచెవి దూర్చే ఇత్తడి సిలిండర్ హ్యాండిల్ పలక కంటే బయటికి పొడుచుకు వచ్చి ఉందేమో వేలితో తడిమి చూడండి. అలా ఉంటే దాన్ని పట్టుకుని విరిచేస్తారు, పెద్ద సమయం పట్టదు. విరగకుండా తయారుచేసినవి దొరుకుతాయి, మంచివాటి మీద మూడు నక్షత్రాల గుర్తు ఉంటుంది. మార్చమని ఇంటి యజమానిని మెయిల్‌లో అడగండి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటాడు, అంతటితో సరి.

ఇక ఆ మ్యాపు సంగతి. చూడవద్దని అనను, చూడటం నేర్చుకోండి. అందులో దుకాణాల్లో దొంగతనాలు, సైకిళ్ల చోరీలు, వీధిలో తాగి అరిచినవాళ్ల మీద ఫిర్యాదులు, అన్నీ కలిపి లెక్క వేస్తారు. చుక్క ఉన్న చోటే నేరం జరిగిందని కూడా కాదు, బాధితుల ఇల్లు తెలియకుండా దగ్గర్లోని ఒక బిందువుకు జరిపి చూపిస్తారు. స్ట్రాట్‌ఫర్డ్ అంకె చూసి గుండె గుభేలుమంటుంది, కానీ అక్కడ అంత పెద్ద షాపింగ్ సెంటరు ఉంది. వెస్ట్‌మిన్‌స్టర్‌లో వెయ్యి మంది నివాసులకు ఇన్ని నేరాలని రేటు కడితే లండన్‌లో అది ముందు వరుసలో ఉంటుంది. జేబులు కొట్టేసేది పర్యాటకులవి, భాగించేది అక్కడ కాపురం ఉండే జనంతో. కాబట్టి ఇళ్ల దొంగతనాల వర్గం ఒక్కటే ఎంచుకుని, కొన్ని నెలలవి వరుసగా చూడండి. తర్వాత రాత్రి తొమ్మిదింటికి స్టేషన్ నుంచి ఆ ఇంటిదాకా ఒకసారి నడిచి రండి. మ్యాపు కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఇంత ఖచ్చితంగా చెబుతున్నానంటే నాకూ తగిలింది కనుకే. 2013లో ఇల్ఫోర్డ్‌లో దిగాను. సైరన్ వినిపిస్తే చాలు, లేచి ముందు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టేవాణ్ని. వాటిలో సగం అంబులెన్సులని చాలాకాలానికి తెలిసింది. అదే ఇంట్లో పోపు వేస్తే పొగ అలారం మోగుతుందని వంటగది కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్లం. నవంబరులో ఒకరోజు సాయంత్రం ఐదింటికి వచ్చేసరికి చీకటి పడిపోయింది. గట్టు మీద కారం డబ్బా పక్కన బూటు ముద్ర. ల్యాప్‌టాప్, మా ఆవిడ నల్లపూసలు, నాలుగు గాజులు పోయాయి. యజమానికి ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాను. అది ఆయన గోడలకు, మన సామానుకు మనమే తీసుకోవాలి. అందులోనూ నగలకు పరిమితి ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. పోలీసులు ఒక కేసు నంబరు ఇచ్చారు. నగలు దొరకలేదు కానీ ఆ నంబరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు. దీపావళికి ముందు పోలీసులే హెచ్చరిస్తుంటారు. మామిడి తోరణం తీసేయమని నేను చెప్పను, కానీ పెళ్లికి వెళ్తూ నగలతో దిగిన ఫోటో స్టేటస్‌లో పెట్టి, ఇల్లు ఖాళీ అని ఊరంతటికీ చాటకండి. రోజూ వేసుకోనివి లాకరులో పెట్టండి, లేదా అమ్మ దగ్గరే వదిలి రండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి సాయంత్రం దానంతట అదే వెలిగే దీపం ఒకటి హాల్లో పెట్టండి. తాళంచెవులు తలుపులో ఉత్తరాలు వేసే కంత దగ్గర వేలాడదీయకండి.

ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు అంచున నిలబడితే ఎలక్ట్రిక్ సైకిల్ మీద వచ్చి లాక్కుపోతారు. *#06# కొడితే మీ ఫోనును గుర్తుపట్టే నంబరు వస్తుంది, అది రాసి పెట్టుకోండి. పోలీసులకు ఫోను చేయాలంటే, దొంగ ఇంట్లో ఉండగా అయితే 999, అయిపోయాక అయితే 101.

సరే, ఇంత భయపెట్టాను కనుక ఇదీ చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఇళ్ల దొంగతనాలు 1990ల మధ్యతో పోలిస్తే బాగా తగ్గాయి. నేను ఆఖరి రైలు దిగి ఒంటరిగా నడిచి వచ్చిన రాత్రులకు లెక్కలేదు, నన్ను ఆపినవాళ్లు దాదాపుగా దారి అడగడానికే ఆపారు. ఈస్ట్ హామ్‌లో కాపురం చేస్తూ పిల్లల్ని పెంచుకుంటున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు, బాగానే ఉన్నారు.

మళ్లీ ఈస్ట్ హామ్ వచ్చేయనా అన్నా, అని తమ్ముడు అడిగాడు. ఇల్లు సంగతి తర్వాత, ముందు వెళ్లి వెనక తలుపు తాళం తిప్పి వచ్చి ఫోను చెయ్యి అన్నాను. లైనులో ఉండమని వెళ్లాడు. కాసేపటికి వచ్చి, "దానికి తాళంచెవే ఇవ్వలేదన్నా" అన్నాడు.