ఇంట్లో ఒంటరిగా హెచ్‌ఐఐటీ: మధ్యలో వదిలేస్తున్నారా?

హెచ్‌ఐఐటీ అంటే కాసేపు గట్టిగా వ్యాయామం, కాసేపు విశ్రాంతి, ఇలా మార్చి మార్చి చేయడం. ఇక్కడ రౌండ్ అంటే 20 సెకన్లు చేసి 10 సెకన్లు ఆగడం, అలాంటివి ఎనిమిది. "మోటివేషన్ రావట్లేదు" అన్న ప్రతి ఒక్కరినీ నేను ముందు అడిగేవి రెండే. రాత్రి ఎంతసేపు పడుకున్నారు, తిని ఎంతసేపైంది? ఒక్కరూ వీటిని చూసుకోరు. ఐదు గంటల నిద్రతో, ఆరింటికి ప్లేటు పునుగులు లాగించి, ఏడింటికి బర్పీలు (కిందికి వంగి, కాళ్ళు వెనక్కి వేసి, మళ్ళీ లేచి గెంతడం) చేస్తానంటే ఒళ్ళు ఎందుకు సహకరిస్తుంది? భోజనం చేస్తే కనీసం రెండు గంటలు ఆగండి. మే నెలలో తలుపులన్నీ మూసిన గదిలో అసలు చేయకండి, ఆ ఉక్కకే గుండె దడదడలాడుతుంది. ఇవన్నీ సరిగా ఉన్నా కుదరట్లేదంటేనే కిందికి రండి.

సమస్య: మ్యాట్ పరిచాక కూడా మొదలుపెట్టబుద్ధి కావట్లేదు

ఏం చేయాలో అప్పటికప్పుడు వెతుక్కుంటున్నారు, ఆ వెతుకులాట రీల్స్‌లో తేలుతోంది. రాత్రే కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఫోన్ టైమర్ కోసమే, అదీ ఫ్లైట్ మోడ్‌లో.

సమస్య: మూడో, నాలుగో రౌండ్‌కి ఆపేస్తున్నాను, మర్నాడు మ్యాట్ చూస్తేనే చిరాకు

ఇదే అసలు దొంగ. చూడ్డానికి అచ్చం మోటివేషన్ పోయినట్టే ఉంటుంది కాబట్టి జనం పాటలు మారుస్తారు, కొత్త షూస్ కొంటారు, ఏదో ఛాలెంజ్‌లో చేరతారు, కారణం మాత్రం మొదటి రౌండ్‌లోనే కూర్చుని ఉంటుంది. జిమ్‌లో అయితే ట్రైనర్ లెక్కపెడుతుంటాడు, పక్కవాళ్ళ వేగం కనబడుతుంటుంది. ఇంట్లో ఆపేవాళ్ళెవరూ ఉండరు, ఓపిక ఉంది కదా అని మొదటి ఇరవై సెకన్లు పిచ్చెక్కినట్టు చేసేస్తాం, నాలుగో రౌండ్‌కి ఊపిరాడక కూలబడతాం, "నావల్ల కాదు" అని బుర్రలో పడిపోతుంది. రోజూ అలాగే ముగిసే పనిని మర్నాడు ఎవరికి చేయాలనిపిస్తుంది?

కనిపెట్టడం తేలిక. ప్రతి రౌండ్‌లో ఎన్ని బర్పీలు చేశారో రాయండి. మొదటిదాంట్లో 8, ఐదోదాంట్లో 4 ఉంటే ఇదే జబ్బు. ఇకనుంచి 5తోనే మొదలుపెట్టండి, టైమ్ మిగిలినా ఆరోది చేయకండి (ఈ ఒక్క మాట ఎవరూ వినరు). ప్రతి రౌండ్‌లో అదే 5. అయిదూ పూర్తికాని రౌండ్‌తో ఆ రోజుకి ఆపేయాలని ముందే అనుకోండి, అప్పుడు వదిలేశానన్న బాధ ఉండదు. వరుసగా రెండుసార్లు ఎనిమిది రౌండ్లూ నిలబెట్టగలిగితే 6కి వెళ్ళండి.

ఇదేమీ నా సొంత కవిత్వం కాదు. టబాటా పేరుతో తిరిగే వీడియోలన్నిటికీ మూలం, జపాన్‌కి చెందిన ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం. 20 సెకన్లు సైకిల్ తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. పెడల్ వేగం నిమిషానికి 90 చుట్లు అని ముందే కట్టేశారు, అది 85 కంటే తగ్గితే అక్కడితో ఆపేశారు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలలోపు పని! దానికి నలభై నిమిషాల వీడియో ఎలా తీస్తారో వాళ్ళకే తెలియాలి.

సమస్య: చేస్తున్నాను గానీ ఊపు రావట్లేదు

అపార్ట్‌మెంటా? కింది ఫ్లాట్ వాళ్ళు పైకొచ్చి గొడవ పెట్టుకుంటారన్న భయంతో సగం సగం గెంతుతున్నారేమో చూడండి. గెంతడం మానేసి కాళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి వేసే బర్పీలు, మౌంటెన్ క్లైంబర్లు (చేతులు నేలకి ఆనించి మోకాళ్ళు ఒక్కొక్కటిగా ఛాతీ వైపు లాగడం) చేయండి. చప్పుడు ఉండదు, ఆయాసం మాత్రం సరిపడా వస్తుంది.

సమస్య: రెండు వారాలు బాగా చేశాను, ఇప్పుడు ఓపికే లేదు

రోజూ చేస్తున్నారు, అంతే. వారానికి రెండు మూడు రోజులు చాలు, మధ్యలో ఒక రోజు ఖాళీ, ఆ రోజు నడవండి. పొద్దున లేవకముందు నాడి చూసుకోండి, ఎప్పుడూ ఉండేదానికంటే బాగా ఎక్కువగా ఉంటే ఆ రోజు కూడా సెలవే.

ఇక థైరాయిడ్ సమస్య, రక్తహీనత లాంటివి మన దగ్గర అరుదేమీ కాదు. వారం విశ్రాంతి తీసుకున్నా నీరసం పోకపోతే అప్పుడు పరీక్షలు చేయించుకోండి, ముందే గూగుల్ చేసి టెన్షన్ పడకండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.