అమెరికాలో ప్రాంతీయ స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్: చేరే ముందు నుంచి డిగ్రీ చేతికొచ్చే దాకా

ప్రాంతీయ స్టేట్ యూనివర్సిటీ ఎలాంటిదో ముందే అర్థమైతే చాలా చిక్కులు తప్పుతాయి. వారెన్స్‌బర్గ్‌లోని సెంట్రల్ మిస్సోరి, మేరీవిల్‌లోని నార్త్‌వెస్ట్ మిస్సోరి, కామర్స్‌లోని ఈస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం (2024 దాకా టెక్సస్ ఏ అండ్ ఎం–కామర్స్)... ఇవన్నీ ఒకప్పుడు టీచర్లను తయారుచేయడానికి పెట్టిన కాలేజీలే. సెంట్రల్ మిస్సోరి 1871లో, నార్త్‌వెస్ట్ మిస్సోరి 1905లో అలాగే మొదలయ్యాయి. ఆ స్వభావం ఇప్పటికీ పోలేదు. ఇక్కడ ప్రొఫెసర్‌కి పాఠం చెప్పడమే ముఖ్యమైన పని. పెద్ద రిసెర్చ్ యూనివర్సిటీలో సెమిస్టర్‌కి ఒకటో రెండో కోర్సులు చెప్పే చోట ఇక్కడ మూడు నాలుగు చెబుతారు. అందువల్ల ఆయన గదికి వెళ్లి మాట్లాడటం తేలిక. కానీ విద్యార్థులకు పంచడానికి ఆయన దగ్గర రిసెర్చ్ నిధులు పెద్దగా ఉండవు. ఈ చదువులో లాభమైనా నష్టమైనా ఎక్కువగా ఈ రెండింటి నుంచే వస్తుంది.

ఐ-20 తీసుకునే ముందు అడగాల్సినవి

ఐ-20 అంటే విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం. అది తీసుకునే ముందు ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి ఒక ఈమెయిల్ రాయండి. మొదట సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో చెప్పే ప్రభుత్వ నంబరు) అడగండి. చదువయ్యాక 12 నెలల ఓపీటీకి (చదివిన రంగంలో ఉద్యోగం చేసే అనుమతికి) మరో 24 నెలలు కలుస్తాయా లేదా అన్నది ఐ-20 మీద ఉండే ఆ కోడే తేలుస్తుంది. కోర్సు పేరు చూసి నిర్ణయానికి రావద్దు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కి వాడే 11.0401, ఆ 24 నెలలు దొరికే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది. మామూలు ఎంబీఏకి వాడే 52.0201 లేదు. అదే ఎంబీఏని మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ 52.1301 కింద నడిపితే అది స్టెమ్ అవుతుంది.

రెండోది, లెవెలింగ్ కోర్సులు. మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకీ, బ్రాంచి మారి వచ్చినవాళ్లకీ రెండు మూడు పునాది కోర్సులు అదనంగా వేస్తారు. వాటికి ఫీజు కట్టాలి, పాసవ్వాలి, కానీ డిగ్రీకి కావాల్సిన 30 లేదా 36 క్రెడిట్లలో అవి సాధారణంగా లెక్కకు రావు. అడ్మిషన్ లెటర్‌లో 'కండిషనల్' అన్న మాట ఉంటే ఆ షరతు ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకోండి.

మూడోది ఫీజు. వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ట్యూషన్ మాత్రమే. దాని మీద స్టూడెంట్ ఫీజులు, టెక్నాలజీ ఫీజు, విదేశీ విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ తప్పనిసరి చేసిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటాయి. ఒక సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు తీసుకునే విదేశీ విద్యార్థి అసలు బిల్లు నమూనా పంపమని అడగండి. అడిగితే పంపుతారు.

కోర్సుల పట్టిక: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

పెద్ద యూనివర్సిటీలో ఒక కోర్సు ఈ సెమిస్టర్‌లో తప్పితే వచ్చే సెమిస్టర్‌లో దొరుకుతుంది. చిన్న డిపార్ట్‌మెంట్‌లో ఆ వీలుండదు. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారి, ఇంకొన్ని రెండేళ్లకొకసారి మాత్రమే పెడతారు. దీన్నే కోర్స్ రొటేషన్ అంటారు. ఆ పట్టికను కొన్ని డిపార్ట్‌మెంట్లు వెబ్‌సైట్లో పెడతాయి, కొన్నింటిలో అడ్వైజర్ దగ్గర తప్ప దొరకదు. మొదటి వారంలోనే దాన్ని సంపాదించండి.

తర్వాత ఒక కాగితం మీద చివరి సెమిస్టర్ నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. చివర్లో క్యాప్‌స్టోన్ (ముగింపు ప్రాజెక్ట్ కోర్సు) ఉందనుకోండి. దానికి ముందు ఏ కోర్సు పూర్తికావాలి? అది ఫాల్‌లోనే (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లోనే) పెడతారా? దానికి మళ్లీ ముందుకోర్సు ఏమైనా ఉందా? ఇలా వెనక్కి వస్తే మొదటి సెమిస్టర్‌లో ఏం తీసుకోవాలో దానంతట అదే తేలుతుంది. స్నేహితులంతా తీసుకుంటున్నారని తేలికైన ఎలెక్టివ్‌లు ముందు పూర్తిచేసి, గొలుసుకట్టుగా ఉన్న కోర్సులను వెనక్కి నెట్టినవాళ్లకే ఒక్క కోర్సు కోసం అదనంగా ఒక సెమిస్టర్ పడుతుంది. దాని వెనకే ఇంటి అద్దె, ఇన్సూరెన్స్, ఐ-20 పొడిగింపు కూడా వస్తాయి. పొడిగింపు అడిగేటప్పుడు తగిన విద్యాపరమైన లేదా వైద్యపరమైన కారణం చూపాలి, అదీ ప్రోగ్రామ్ గడువు తేదీ దాటకముందే.

చేరినవాళ్లు తక్కువైతే కోర్సు రద్దు చేయడం కూడా ఇలాంటి చోట మామూలే. సెమిస్టర్ మొదలవడానికి వారం ముందు రద్దయిందని ఈమెయిల్ వస్తుంది, అప్పటికి మిగతా కోర్సులు నిండిపోయి ఉంటాయి. అందుకని రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చేరండి. బదులుగా తీసుకోదగ్గ ఇంకో కోర్సు నంబరు దగ్గర పెట్టుకోండి. అడ్వైజింగ్ హోల్డ్ (అడ్వైజర్‌ని కలిసేదాకా ఉండే అడ్డు) ఉంటే రిజిస్ట్రేషన్ కాదు, కాబట్టి అది తీయించుకోవడానికి రెండు వారాల ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

క్లాసులు చాలావరకు సాయంత్రాలే, వారానికి ఒక్కసారి, దాదాపు మూడు గంటలపాటు. పగలంతా ఉద్యోగం చేసుకునే స్థానిక టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు మీ పక్కన కూర్చుంటారు. వాళ్లతో పరిచయం పెంచుకోండి. ఆ ప్రాంతంలో ఏ ఆఫీసులో ఎవరిని తీసుకుంటున్నారో ప్లేస్‌మెంట్ వెబ్‌సైట్ కన్నా వాళ్లకే బాగా తెలుసు. ఒక్క రోజు మానేస్తే వారం పాఠం మొత్తం పోతుందని మాత్రం మరవద్దు.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) లెక్కలు

సాధారణంగా గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫుల్‌టైమ్ అంటే 9 క్రెడిట్లు. అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లే లెక్కకొస్తాయి. చివరి సెమిస్టర్‌లో ఒకే కోర్సు మిగిలితే అది పూర్తిగా ఆన్‌లైన్‌ది కాకూడదు. ఇలాంటి యూనివర్సిటీల్లో ఆన్‌లైన్ సెక్షన్లు ఎక్కువ కాబట్టి రిజిస్టర్ చేసేటప్పుడు క్లాస్ ఎదురుగా ఉన్న 'మోడ్' చూడండి.

కోర్సు కష్టంగా ఉంటే డ్రాప్ చేసే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) కలవాలి. ఆయన ముందుగా అనుమతి ఇవ్వకుండా 9 కన్నా తగ్గితే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది. ప్రొఫెసర్ సరేనన్నారు, అడ్వైజర్ సరేనన్నారు అంటే చాలదు, ఆ అధికారం వాళ్లకు లేదు. ఇల్లు మారితే 10 రోజుల్లో కొత్త చిరునామా నమోదు చేయాలి.

క్యాంపస్ బయట అనుమతి లేకుండా పని చేయడం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ఎఫ్-1 స్టేటస్ పోయినప్పుడు దాన్ని తిరిగి ఇమ్మని (రీఇన్‌స్టేట్‌మెంట్) అడిగే దారి ఒకటుంటుంది. అనధికారికంగా ఉద్యోగం చేసినవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. చేతికిచ్చే నగదు మీద ఆశపడి అంత ఖర్చు పెట్టిన చదువును పణంగా పెట్టొద్దు.

మార్కులు, నిజాయితీ

సరాసరి (ఎ అంటే 4, బి 3, సి 2, ఎఫ్ 0) 3.0 కన్నా తగ్గితే ప్రొబేషన్, అంటే హెచ్చరిక కింద చదవడం. మూడు కోర్సుల్లో ఒక ఎ, ఒక బి, ఒక సి వస్తే సరిగ్గా 3.0. రెండు బి, ఒక ఎఫ్ వస్తే 2.0కి పడిపోతుంది. అప్పుడు తర్వాతి సెమిస్టర్‌లో మూడింటికి మూడూ ఎ వస్తేనే మళ్లీ 3.0కి చేరతారు. కాబట్టి ఒక కోర్సు చేయి జారుతోందని నాలుగో వారంలో తెలిస్తే అప్పుడే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లాలి. పన్నెండో వారంలో వెళితే ఆయన చేయగలిగింది పెద్దగా ఉండదు.

అసైన్‌మెంట్ కోడ్ రూమ్‌మేట్‌కి ఇవ్వడం మన దగ్గర సాయం కింద లెక్క. ఇక్కడ ఇచ్చినవాళ్లకీ తీసుకున్నవాళ్లకీ ఒకటే శిక్ష. సీనియర్ల పాత ఫైళ్లతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎఫ్ గ్రేడ్‌తో ఆగకుండా సస్పెన్షన్ దాకా వెళితే అది నేరుగా వీసా సమస్యే అవుతుంది. కలిసి చదువుకోండి, బోర్డు మీద కలిసి ఆలోచించండి, రాసేది మాత్రం ఎవరిది వాళ్లే.

అసిస్టెంట్‌షిప్ (జీతంతో పాటు ఫీజు రాయితీ దొరికే క్యాంపస్ పని) ఎక్కడ వెతకాలి

కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో వందలమంది ఉంటారు, పోస్టులు కొన్నే. అందరూ అక్కడే నిలబడతారు. లైబ్రరీ, హౌసింగ్, ట్యూటరింగ్ సెంటర్, రిజిస్ట్రార్ ఆఫీసు, ఐటీ హెల్ప్‌డెస్క్, యూనివర్సిటీ గణాంకాలు చూసే ఇన్‌స్టిట్యూషనల్ రిసెర్చ్ ఆఫీసు, ఇవన్నీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లను తీసుకుంటాయి. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ బాగా వచ్చినవాళ్లకు చివరిదాంట్లో మంచి అవకాశం ఉంటుంది.

ఫాల్ పోస్టులకు వసంతంలోనే (జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌లోనే) అడగాలి. ఈమెయిల్ ఆరేడు వాక్యాలు దాటకూడదు: ఎవరు, ఏ ప్రోగ్రామ్, ఆ ఆఫీసు పనిలో మీరు చేయగలిగింది ఏమిటి, వారంలో ఏ గంటలు ఖాళీ, రెజ్యూమె జత. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టకుండా 'డాక్టర్' తర్వాత ఇంటిపేరు రాయండి. ఒకే ఈమెయిల్‌ని నలభై మందికి పంపితే వాళ్లకు తెలిసిపోతుంది. చిన్న క్యాంపస్‌లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

ఆఫర్ వచ్చాక మూడు విషయాలు చదవండి: ట్యూషన్ మొత్తం మాఫీనా లేక రాష్ట్రేతర విద్యార్థుల అదనపు భాగమేనా, ఫీజులు ఎవరు కట్టాలి, సెమిస్టర్‌కా ఏడాదికా. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో అన్ని పనులూ కలిపి వారానికి 20 గంటలు మించకూడదు. 20 గంటల అసిస్టెంట్‌షిప్ ఉండగా డైనింగ్ హాల్‌లో ఇంకో 5 గంటలు చేయడం ఉల్లంఘనే.

జీతం మీద ఇంకో మాట. నాన్‌రెసిడెంట్‌గా (పన్ను లెక్కలో అమెరికా నివాసి కాకుండా) ఉన్న ఎఫ్-1 విద్యార్థికి మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత, అంటే 7.65 శాతం, ఉండకూడదు. డిసెంబర్‌లో దిగినా ఆ ఏడాది మొత్తం ఒకటిగానే లెక్క. పొరపాటున కోస్తే ముందు పేరోల్ ఆఫీసుని అడగండి. పన్ను రిటర్న్ వేసేది నాన్‌రెసిడెంట్ల ఫారం 1040-ఎన్‌ఆర్ మీద, దానితో ఫారం 8843. ఆదాయం లేకపోయినా 8843 పంపాలి. టర్బోటాక్స్ అనే పన్ను సాఫ్ట్‌వేర్‌లో 1040-ఎన్‌ఆర్ లేదు. దాంట్లో మామూలు 1040 నింపి రెసిడెంట్‌గా చూపించుకోవడం మనవాళ్లలో తరచూ జరిగే తప్పు. భారతీయ విద్యార్థులకు పన్ను ఒప్పందం ఆర్టికల్ 21(2) కింద స్టాండర్డ్ డిడక్షన్ వర్తిస్తుంది. వేరే దేశాల నాన్‌రెసిడెంట్ విద్యార్థుల్లో చాలామందికి ఆ వెసులుబాటు లేదు, అందుకే అది అడగకుండా వదిలేయకండి.

థీసిస్, ప్రాజెక్ట్, ప్రొఫెసర్ల క్యాలెండర్

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్, ఉద్యోగమే లక్ష్యమైతే ప్రాజెక్ట్ లేదా కాంప్రహెన్సివ్ పరీక్ష. థీసిస్‌కి సాధారణంగా ముగ్గురు సభ్యుల కమిటీ కావాలి. ఇక్కడ తెలుసుకోవాల్సిన అసలు సంగతి, ప్రొఫెసర్లలో ఎక్కువమందికి తొమ్మిది నెలల కాంట్రాక్టు ఉంటుంది. మే మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా వాళ్లకు జీతం లేదు, మీ డ్రాఫ్ట్ చదవాల్సిన బాధ్యతా లేదు. 'వేసవిలో పూర్తిచేసి డిఫెన్స్ (కమిటీ ముందు థీసిస్‌ని సమర్థించుకోవడం) పెట్టుకుంటా' అన్న ఆలోచన ఎక్కువగా ఇక్కడే కూలిపోతుంది. వసంతంలో డిగ్రీ కావాలంటే అంతకుముందు వసంతంలోనే గైడ్‌ని ఒప్పించాలి, ఫాల్‌లో ప్రపోజల్ ముగించాలి, ఫిబ్రవరి చివరికి పూర్తి డ్రాఫ్ట్ కమిటీ చేతిలో ఉండాలి. కమిటీకి కనీసం రెండు వారాలు ఇవ్వండి. గ్రాడ్యుయేట్ స్కూల్ మార్జిన్లు, పేజీ నంబర్లు తనిఖీ చేసి వెనక్కి పంపడానికి ఇంకో రెండు వారాలు పోతాయి.

సర్వేలు, ఇంటర్వ్యూలు ఉంటే ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనను పరిశీలించే కమిటీ) అనుమతి ముందు. అది రాకముందు సేకరించిన డేటా పనికిరాదు.

లైబ్రరీలో మీకు కావాల్సిన జర్నల్ లేదని ఆగిపోవద్దు. ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో అడిగితే వేరే యూనివర్సిటీ నుంచి తెప్పిస్తారు, విద్యార్థికి సాధారణంగా ఉచితం. వ్యాసాలు చాలాసార్లు కొద్ది రోజుల్లోనే స్కాన్ అయి ఈమెయిల్‌కి వస్తాయి. చిన్న యూనివర్సిటీ లోటును తీర్చే ఈ సదుపాయాన్ని మనవాళ్లు చాలా తక్కువగా వాడతారు.

సీపీటీ, ఓపీటీ, చివరి పనులు

సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ) సాధారణంగా ఒక పూర్తి అకడమిక్ ఏడాది తర్వాతే. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ పోతుంది, 11 నెలల దగ్గరే ఆపండి.

ఓపీటీ దరఖాస్తు ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు. డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫార్సు పెట్టిన 30 రోజుల్లోగా దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ విభాగానికి) చేరాలి. కొత్త ఐ-20 చేతికొచ్చిందని నింపాదిగా ఉంటే తిరస్కరిస్తారు. ఓపీటీ మొదలైన తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, కాబట్టి ఆ తేదీని ఆలోచించి ఎంచుకోండి. నిబంధనలు మారుతుంటాయి, దరఖాస్తు వేసే వారం మీ డీఎస్‌ఓతో మరోసారి సరిచూసుకోండి.

గ్రాడ్యుయేషన్‌కి విడిగా దరఖాస్తు చేయాలి, అది దానంతట అదే జరగదు. గడువు చాలాచోట్ల చివరి సెమిస్టర్ మొదట్లోనే, కొన్నిచోట్ల అంతకుముందు సెమిస్టర్‌లోనే. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. సిఫార్సు లేఖలు ప్రొఫెసర్లు సెలవులకు వెళ్లకముందే అడగండి. యూనివర్సిటీ ఈమెయిల్ మూసేసేలోపు పాత ఐ-20లన్నీ, సిలబస్‌లు, ట్రాన్‌స్క్రిప్ట్, పేరోల్ పత్రాలు సొంత ఖాతాలోకి దించుకోండి. ఏళ్ల తర్వాత హెచ్-1బీ, గ్రీన్‌కార్డ్ ఫైళ్లకు లాయర్లు వీటినే అడుగుతారు.